మార్పును నిలబెట్టే నాయకత్వం

జట్టు పనితీరులో వచ్చిన మెరుగుదల, దాన్ని తెచ్చిన తొలి ఊపు తగ్గాక కూడా కొనసాగేలా, వీలైతే ఇంకా పెరిగేలా చూడటం నాయకత్వంలో ఒక ప్రత్యేకమైన పని. మార్పును మొదలుపెట్టే నేర్పు, నిలబెట్టే నేర్పు ఒకటి కావు. రెండూ ఒకే మనిషిలో ఉండాలనీ లేదు. కర్మాగారమైనా, ఆసుపత్రి అయినా, పొదుపు సంఘమైనా కొత్త పద్ధతికి అసలు పరీక్ష రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో వస్తుంది. అయినా నిర్వహణ శాస్త్రంలో మార్పు ఎలా మొదలుపెట్టాలో చెప్పే పుస్తకాలే ఎక్కువ. ప్రారంభోత్సవానికి ఫొటోలు తీస్తారు, మూడో ఏటి సమీక్షా సమావేశానికి ఎవరూ తీయరు.

వెనక్కి జారడం

ఈ సమస్యను మొదట స్పష్టంగా పట్టుకున్నవారిలో కర్ట్ లెవిన్ (1890–1947) ఒకరు. జర్మనీలో నాజీలు అధికారంలోకి వచ్చిన 1933లో అమెరికాకు వలస వెళ్లిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ మాంసానికి కొరత వచ్చింది. మామూలుగా ఇళ్లలో వండని గుండె, మూత్రపిండాల వంటి భాగాలను వండుకునేలా గృహిణులను ఒప్పించాల్సి వచ్చింది. లెవిన్ బృందం కొందరికి మంచి ఉపన్యాసం ఇప్పించింది. మరికొందరిని కూర్చోబెట్టి, వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని, చివర్లో చేతులెత్తి నిర్ణయించుకోనిచ్చింది. తర్వాత ఆరా తీస్తే ఉపన్యాసం విన్నవారిలో 3 శాతం మంది, కలిసి నిర్ణయించుకున్నవారిలో 32 శాతం మంది ఆ మాంసం వండారు. 1947లో అచ్చయిన వ్యాసంలో ఆయన ఒక హెచ్చరిక కూడా చేశాడు. బృందం పనితీరు ఒకసారి పైకి లేచినా త్వరలోనే పాత స్థాయికి దిగిపోతుంది కాబట్టి, కొత్త స్థాయిలో ఎంతకాలం ఉండాలన్నది కూడా లక్ష్యంలో భాగంగా పెట్టుకోవాలన్నాడు.

లెవిన్ శిష్యులు, మిత్రులు పనిచేసిన హార్‌వుడ్ పైజమాల కర్మాగారం వర్జీనియా రాష్ట్రంలోని మారియన్ పట్టణంలో ఉండేది. పని పద్ధతి మార్చినప్పుడల్లా అక్కడ ఉత్పత్తి పడిపోయేది, కుట్టేవాళ్లు కొందరు మానేసేవారు. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు ఒకే రకం మార్పును మూడు రకాలుగా ప్రవేశపెట్టి, ఫలితాలను 1948లో ప్రకటించారు. ఒక బృందానికి మార్పు ఇదీ, రేటు ఇదీ అని చెప్పేశారు. ఇంకో బృందంలో ప్రతినిధులను పిలిచి మాట్లాడారు. మిగతా బృందాల్లో అందరినీ కూర్చోబెట్టి కొత్త పద్ధతిని వాళ్లతోనే తయారు చేయించారు. చెప్పించుకున్న బృందం కోలుకోలేదు సరికదా, మొదటి నలభై రోజుల్లోనే 17 శాతం మంది వెళ్లిపోయారు. అందరూ పాల్గొన్న బృందాలు త్వరగా పాత స్థాయిని అందుకుని దాన్ని దాటేశాయి. కొన్ని నెలల తర్వాత మొదటి బృందంలో మిగిలినవాళ్లకు ఇంకో మార్పు వచ్చింది. ఈసారి అందరినీ పాల్గొననిస్తే వాళ్లూ పుంజుకున్నారు. లోపం మనుషుల్లో ఉందన్న వాదన ఇక్కడ నిలబడదు.

ఆ తర్వాతి దశాబ్దాల పరిశోధనలో ఆచరణకు బాగా పనికొచ్చే వివరణ మాత్రం మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన నెల్సన్ రెపెనింగ్, జాన్ స్టెర్మన్ 2001లో ఇచ్చారనిపిస్తుంది. జట్టు తన సమయాన్ని రెండింటి మధ్య పంచుకోవాలి. ఒకటి ఇవాళ్టి పని, రెండోది రేపు ఆ పని తేలికయ్యేలా చేసే మరమ్మతు, శిక్షణ, పద్ధతుల దిద్దుబాటు. పైనుంచి ఒత్తిడి రాగానే జట్టు రెండోదాన్ని వాయిదా వేస్తుంది. ఉత్పత్తి వెంటనే పెరుగుతుంది. నష్టం నెలల తర్వాత యంత్రం ఆగిపోయినప్పుడు బయటపడుతుంది, అప్పటికి దానికీ ఆ వాయిదాకూ సంబంధం ఎవరికీ కనిపించదు. ‘గట్టిగా అడిగితేనే పని జరుగుతుంది’ అన్న పాఠం మాత్రం నాయకుడికి మిగిలిపోతుంది. దిద్దుబాటుకు సమయం కేటాయిస్తే జరిగేది దీనికి తలకిందులు. ముందు ఉత్పత్తి తగ్గుతుంది, లాభం తర్వాత వస్తుంది. ఆ తగ్గిన రోజుల్లో పైవాళ్ల ప్రశ్నలకు నాయకుడు జవాబిచ్చి, జట్టు మీద పడనివ్వకుండా ఆపగలిగితేనే ఏ మార్పయినా బతుకుతుంది.

ఫ్రీమాంట్: అదే మనుషులు, వేరే పద్ధతి

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల కర్మాగారం ఉండేది. నాసిరకం కార్లకూ, గైర్హాజరుకూ, సమ్మెలకూ పేరుపడ్డ ఆ ప్లాంటును 1982లో మూసేశారు. 1984లో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి ‘నమ్మి’ అనే పేరుతో దాన్ని మళ్లీ తెరిచాయి. నడిపే బాధ్యత టొయోటాది. యూనియన్ పాతదే, కార్మికుల్లో అత్యధికులు పాతవాళ్లే. ఒకప్పుడు రోజూ ఐదుగురిలో ఒకరు పనికి రాని చోట గైర్హాజరు 2 శాతానికి పడిపోయింది, కార్ల నాణ్యత జపాన్‌లోని టొయోటా ప్లాంట్లతో పోల్చదగ్గ స్థాయికి వచ్చింది.

ఈ మార్పుకు గుర్తుగా అందరూ చెప్పేది ఆండన్ తాడు. అసెంబ్లీ లైన్ పొడవునా తలపైన వేలాడే ఈ తాడు ప్రతి కార్మికుడి చేతికీ అందుతుంది. ఒక కారు మీద అతని పని సుమారు ఒక నిమిషం. ఆ నిమిషంలో బోల్టు సరిగా పట్టలేదనో, విడిభాగం తేడాగా ఉందనో అనిపిస్తే తాడు లాగుతాడు. దీపం వెలుగుతుంది, ఒక పాట వినిపిస్తుంది, టీమ్ లీడర్ అక్కడికి వస్తాడు. కారు ఆ కార్మికుడి స్థానం దాటేలోగా సమస్య తీరితే మళ్లీ తాడు లాగుతారు, లైన్ ఆగదు. తీరకపోతే ఆగుతుంది. పాత ఫ్రీమాంట్‌లో లైన్ ఆపడమంటే ఉద్యోగం మీదికి తెచ్చుకోవడమే. తప్పు కనబడినా కారు ముందుకు పోయేది, చివర్లో వేరేవాళ్లు మరమ్మతు చేసేవాళ్లు.

చూసి వచ్చినవాళ్లు తాడును కాపీ కొట్టారు. జనరల్ మోటార్స్ తన మిగతా ప్లాంట్లలో ఆ పద్ధతిని తేవడానికి చాలాకాలం తంటాలు పడింది. లాస్ ఏంజెలెస్ దగ్గరి వాన్ నైస్ ప్లాంటులో చేసిన ప్రయత్నం విఫలమై, 1992లో ఆ ప్లాంటే మూతపడింది. తాడు లాగినప్పుడు ఎవరో ఒకరు రావాలి. నమ్మిలో నలుగురైదుగురు కార్మికులకు ఒక టీమ్ లీడర్ ఉండేవాడు, వచ్చి సాయం చేయడమే అతని ఉద్యోగం. ఆ లీడర్లను వందల సంఖ్యలో జపాన్ పంపి, అక్కడి లైన్ మీద పని చేయించి తెచ్చారు. ఉద్యోగ భద్రతకు యూనియన్‌తో ఒప్పందం ఉంది. 1980ల చివర్లో అమ్మకాలు పడిపోయినప్పుడు యాజమాన్యం ఎవరినీ తీసేయకుండా, ఖాళీగా ఉన్నవాళ్లను శిక్షణలోనూ పద్ధతుల దిద్దుబాటులోనూ కూర్చోబెట్టింది. తప్పు చెబితే ఉద్యోగం పోదని కార్మికుడు నమ్మింది గోడమీది నినాదం చూసి కాదు, ఆ గడ్డు నెలలు చూసి.

ఆసుపత్రుల్లో

1990ల్లో హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించింది. మంచి నాయకత్వం, మంచి సంబంధాలు ఉన్న బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె అంచనా. లెక్క తీస్తే అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. కారణం, మంచి బృందాలు దాచలేదు. దీని నుంచే 1999లో ఆమె ‘మానసిక భద్రత’ అనే భావనను సిద్ధాంతంగా రూపొందించింది. తెలియదని చెప్పినా, తప్పు ఒప్పుకున్నా, పై అధికారిని ప్రశ్నించినా నవ్వులపాలు కానన్న ధీమా జట్టులో ఉమ్మడిగా ఉండటమే ఈ భద్రత. ఇటీవలి సంవత్సరాల్లో కార్పొరేట్ శిక్షణ తరగతుల్లో దీన్ని అందరూ అందరితో తియ్యగా మాట్లాడటంగా మార్చేశారు. ఎడ్మండ్‌సన్ అన్నది అది కాదు. ఆమె వర్ణించిన మంచి బృందాల్లో అభ్యంతరాలు ఎక్కువే.

ఆమె సహచరులతో కలిసి 16 ఆసుపత్రుల్లో గుండె శస్త్రచికిత్స బృందాలనూ అధ్యయనం చేసింది. చిన్న కోతతో చేసే కొత్త పద్ధతిని అన్నీ ఒకే విధమైన శిక్షణతో మొదలుపెట్టాయి. కొన్ని త్వరగా నేర్చుకున్నాయి, కొన్ని వదిలేశాయి. సర్జన్ పేరుప్రతిష్ఠలు, ఆసుపత్రి స్థాయి ఈ తేడాను వివరించలేకపోయాయి. సర్జన్ తన బృందాన్ని జాగ్రత్తగా ఎంచుకుని, కొన్ని కేసుల దాకా మనుషులను మార్చకుండా, ముందుగా అందరితో కలిసి సాధన చేసి, ఆపరేషన్ మధ్యలో నర్సు మాట కోసం చెవి ఒగ్గిన చోట కొత్త పద్ధతి నిలిచింది.

మార్పు ఏళ్ల తరబడి నిలిచిందనడానికి బాగా నమోదైన ఉదాహరణ మిషిగన్ రాష్ట్రంలోని ఐసీయూలది. పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేసినప్పుడు సోకే ఇన్ఫెక్షన్లను తగ్గించడానికి పీటర్ ప్రోనొవోస్ట్ అనే వైద్యుడి బృందం ఐదు అంశాల జాబితా తయారు చేసింది. చేతులు కడుక్కోవాలి, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయాలి, రోగిని పూర్తిగా కప్పాలి, వీలైనంత వరకు తొడ దగ్గర గొట్టం వేయకూడదు, అవసరం తీరగానే తీసేయాలి. వీటిలో వైద్యులకు తెలియనిది ఏదీ లేదు. కొత్త సంగతి ఏమిటంటే, డాక్టర్ ఒక మెట్టు వదిలేస్తే పని ఆపించే అధికారం నర్సుకు ఇచ్చారు, ఆసుపత్రి పెద్దలు ఆమె వెనుక నిలబడ్డారు. ప్రతి ఐసీయూకూ తన అంకెలు నెలనెలా అందేవి. 2006లో 103 ఐసీయూల ఫలితాలు వెలువడ్డాయి. మూడు నెలల్లో మధ్యగత రేటు సున్నాకు చేరింది, పద్దెనిమిది నెలల దాకా ఆ తగ్గుదల నిలిచింది. మరో పద్దెనిమిది నెలల తర్వాత కూడా అది చెక్కుచెదరలేదని 2010లో ప్రకటించారు.

శ్రీహరికోట

మన దేశంలో ఈ విషయం మాట్లాడినప్పుడల్లా వచ్చే కథ ఎస్‌ఎల్‌వీ-3ది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఆ రాకెట్ రెండో దశ నియంత్రణ వ్యవస్థ దెబ్బతిని బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం. పత్రికల వాళ్ల ముందు మాత్రం ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్ కూర్చుని బాధ్యత తన మీద వేసుకున్నాడు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరాక విలేకరులతో మాట్లాడమని కలాంను పంపాడు. కలాం తర్వాతి కాలంలో ఎన్నో సభల్లో ఈ సంగతి చెప్పారు. దీన్ని ఒక పెద్దమనిషి మంచితనంగా చెప్పుకుని వదిలేయడం మనకు అలవాటు. కానీ ఒక్క సాయంత్రపు ఔదార్యంతో సంస్థ నలభై ఏళ్లు నడవదు.

ధవన్ 1972లో ఇస్రో పగ్గాలు చేపట్టాడు. విక్రమ్ సారాభాయ్ 1971 డిసెంబరు 30న హఠాత్తుగా చనిపోవడంతో, ఆయన చుట్టూ అల్లుకున్న కార్యక్రమం చెదిరిపోయే ప్రమాదం ఉన్న సమయం అది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టర్ పదవిని వదలకుండానే ఈ బాధ్యత తీసుకున్న ధవన్ 1984 దాకా కొనసాగాడు. ప్రాజెక్టులకు స్పష్టమైన డైరెక్టర్లు, వాళ్లకు అధికారాలు, ప్రతి దశలోనూ ప్రాజెక్టుకు బయటి నిపుణులు కూడా కూర్చుని ప్రశ్నించే సమీక్షలు. సంస్థ అలవాటు ఇలా స్థిరపడింది. విఫలమైతే కారణం తేల్చడానికి కమిటీ వేస్తారు, కారణం తేలాక రాకెట్‌ను దిద్దుతారు, తర్వాతే ఎగరేస్తారు.

ఈ అలవాటు ధవన్‌తోనే పోలేదనడానికి రుజువు తర్వాతి వైఫల్యాలు. తర్వాతి రాకెట్ ఏఎస్‌ఎల్‌వీ 1987లో ఒకసారి, 1988లో ఇంకోసారి కూలింది. మూడోది దాదాపు నాలుగేళ్లు ఆగి 1992 మేలో ఎగిరింది. 1993 సెప్టెంబరులో పీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం విఫలమైంది. ఏడాది తిరిగాక, 1994 అక్టోబరులో అదే రాకెట్ విజయవంతమైంది. 2010లో జీఎస్‌ఎల్‌వీ ఒకే ఏడాది రెండుసార్లు విఫలమైంది. మూడేళ్ల తర్వాత, 2013 ఆగస్టు 19న, దేశీయ క్రయోజెనిక్ ఇంజన్‌తో మళ్లీ సిద్ధం చేశారు. దేశమంతా టీవీల ముందు కూర్చుని ఉంది. లేవడానికి గంటంపావు ముందు రెండో దశలో ఇంధనం కారుతున్నట్టు కనిపించడంతో కౌంట్‌డౌన్ ఆపేసి, రాకెట్‌ను వెనక్కి తీసుకెళ్లారు. 2014 జనవరి 5న అది కక్ష్య చేరింది. రెండు వైఫల్యాల తర్వాత అంతమంది చూస్తుండగా ఆపగలగడం సంస్థకు రాత్రికి రాత్రే అబ్బే గుణం కాదు. శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రానికి 2002లో ధవన్ పేరు పెట్టారు.

పొదుపు సంఘాలు

జీతం ఇచ్చే యజమాని, పదోన్నతి ఇచ్చే అధికారి లేని చోట మార్పు ఎలా నిలుస్తుంది? ఈ ప్రశ్నకు తెలుగు నేల మీద మంచి సమాధానమే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. చట్టం పోయింది, కానీ నెల్లూరు జిల్లాలో ఆ ఊపులోనే పుట్టిన పొదుపు సంఘాలు ఉండిపోయాయి. చట్టాన్ని నిలబెట్టడానికి ప్రభుత్వం కావాలి. సంఘాన్ని నిలబెట్టడానికి వారం వారం కూర్చునే పది మంది మహిళలు చాలు.

1995 తర్వాత ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం మద్దతుతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో జరిగిన పేదరిక నిర్మూలన పథకం, 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ కలిసి ఈ సంఘాలకు మెట్లు కట్టాయి. సంఘాలు కలిసి గ్రామ సంఘం, అవి కలిసి మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. పథకానికి వెలుగు, ఇందిరా క్రాంతి పథం అని ఎన్ని పేర్లు మారినా ఊళ్లో జనానికి ఇప్పటికీ అది పాత పేరుతో డ్వాక్రానే.

సంఘం ఆరోగ్యాన్ని కొలిచేవి పంచసూత్రాలు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, సంఘంలోపలి అప్పులు, వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. అందరూ గుండ్రంగా కూర్చుంటారు, హాజరు వేస్తారు, పొదుపు డబ్బు అందరి కళ్లముందే లెక్కపెడతారు. ‘ఈసారి అప్పు ఎవరికి కావాలక్కా?’ అన్న మాట మీద అసలు చర్చ మొదలవుతుంది. ఒకరు కూతురి ఫీజు అంటారు, ఇంకొకరు గేదె అంటారు, పోయిన కిస్తీ కట్టని ఆవిడ తలొంచుకుంటుంది. తీర్మానాల పుస్తకంలో రాసి సంతకాలో వేలిముద్రలో తీసుకుంటారు. పైకి ఏమీ జరగనట్టుండే ఈ గంటే సంఘానికి ఊపిరి. అది ఆగిన సంఘం బ్యాంకు లింకేజీ రుణం కోసం మాత్రమే బతికి, రుణం తీరాక చెదిరిపోతుంది.

విస్తరణ బాధ్యతను అధికారుల కన్నా బాగా మోసినవాళ్లు సీఆర్‌పీలు (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు). వీళ్లు సంఘం వల్ల తమ బతుకు బాగుపడ్డ పాత సభ్యులు. వేరే ఊరికి వెళ్లి కొన్నాళ్లు అక్కడే ఉండి, తమ కథ చెప్పి, కొత్త సంఘాలు పెట్టించి వస్తారు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ మొదలయ్యాక తెలుగు సీఆర్‌పీలు బిహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాలకూ వెళ్లారు. బలహీనతలూ ఉన్నాయి. లీడర్లు మారుతుండాలన్న నియమం ఉన్నా, చదువు వచ్చిన, బ్యాంకు పని తెలిసిన ఒకరిద్దరే ఏళ్ల తరబడి కొనసాగడం చాలా ఊళ్లలో మామూలు. పుస్తకం ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వారిదే. రెండో లీడర్‌కు బ్యాంకు మేనేజరు ముఖం కూడా తెలియకపోతే మొదటి లీడర్ ఊరు వదిలిన రోజున సంఘానికి దిక్కుండదు.

కొలమానాలు, కీర్తి

నాయకుడి మాటకూ జీతాల నిబంధనకూ పొత్తు కుదరకపోతే జట్టు నిబంధననే నమ్ముతుంది. మైక్రోసాఫ్ట్‌లో చాలా ఏళ్లపాటు ఒక మదింపు పద్ధతి ఉండేది. జట్టులో అందరూ బాగా చేసినా కొందరిని తప్పనిసరిగా కింది వరుసలో వేయాలి. దాంతో మంచి ఇంజనీర్లు తమకన్నా మంచివాళ్లున్న జట్టులోకి వెళ్లడానికి జంకేవారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యాక నేర్చుకునే మనస్తత్వం గురించి చెప్పిన మాటలు ప్రపంచమంతా పాకాయి. ఆ మదింపు పద్ధతిని అంతకు మూడు నెలల ముందే, స్టీవ్ బామర్ హయాంలో, 2013 నవంబరులో రద్దు చేశారు. ఆ అడ్డు అలాగే ఉండి ఉంటే నాదెళ్ల మాటలు ఎంతదూరం వెళ్లేవన్నది అనుమానమే.

విమర్శలు

ఈ రంగంలో చలామణిలో ఉన్న కొన్ని మాటలకు పునాది పల్చన. సంస్థల్లో 70 శాతం మార్పు ప్రయత్నాలు విఫలమవుతాయన్న అంకె అందులో ఒకటి. 2011లో బ్రిటన్‌కు చెందిన మార్క్ హ్యూస్ దాని మూలాలు వెతికి, నమ్మదగ్గ ఆధారం ఏదీ లేదని చూపించాడు. అయినా ఆ అంకె ఇప్పటికీ స్లైడ్ల మీద తిరుగుతూనే ఉంది. లెవిన్ పేరుతో చెప్పే ‘కరిగించు, మార్చు, గడ్డకట్టించు’ అనే మూడు మెట్ల పాఠం కూడా ఎక్కువగా తర్వాతివాళ్ల తయారీ అనీ, ఆయన రాతల్లో దానికి దక్కిన చోటు అతి స్వల్పమనీ న్యూజిలాండ్ పరిశోధకులు 2016లో తేల్చారు. జాన్ కాటర్ 1990ల మధ్యలో ఇచ్చిన ఎనిమిది మెట్ల సూత్రం ఆయన సలహాదారు అనుభవం మీద ఆధారపడింది. తొందరపడి విజయం ప్రకటించవద్దన్న ఆయన హెచ్చరిక మాత్రం ఎక్కడ చూసినా నిజమే అనిపిస్తుంది.

జట్టు ఎంత బాగా పనిచేసినా దాని ఆయుష్షు దాని చేతిలో ఉండకపోవచ్చు. జనరల్ మోటార్స్ దివాలా తీసి 2009లో నమ్మి నుంచి తప్పుకుంది. 2010 ఏప్రిల్‌లో టొయోటా దాన్ని మూసేసింది. ప్లాంటు తర్వాత టెస్లా చేతికి వెళ్లింది.

ఫలితం ఎవరి ఖాతాలో వేయాలన్నది అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. మిషిగన్ పద్ధతినే ఇంగ్లండ్ తన ఐసీయూల్లో దశలవారీగా ప్రవేశపెట్టింది. ఇన్ఫెక్షన్లు తగ్గాయి. అయితే కార్యక్రమంలో చేరినవాటిలోనూ, ఇంకా వంతు రానివాటిలోనూ దాదాపు ఒకేలా తగ్గాయి. అక్కడ అప్పటికే ప్రభుత్వ ఒత్తిడితో ఇన్ఫెక్షన్లు తగ్గుముఖం పట్టాయి. మిషిగన్‌లో ఆసుపత్రులు తమంతట తాము చేరి నడుపుకున్న పనిని, ఇంగ్లండ్‌లో చాలామంది సిబ్బంది పైనుంచి వచ్చిన మరో ఆదేశంగానే చూశారని అక్కడి వార్డుల్లో కూర్చుని గమనించిన సామాజిక శాస్త్రవేత్తలు రాశారు.